ప్రభుత్వ ప్రకటనల ఖర్చు లెక్క: ఏ ప్రశ్నకు ఏ దారి పట్టాలి?

ఒక ప్రభుత్వ శాఖ ప్రకటనలకు, ప్రచారానికి ఎంత ఖర్చు పెట్టిందో తెలుసుకోవాలనుకునేవారిలో ఎక్కువమంది మొట్టమొదట సమాచార హక్కు దరఖాస్తు రాయడానికే కూర్చుంటారు. నా అభిప్రాయంలో చాలా సందర్భాల్లో అది మూడో అడుగు కావాలి గాని మొదటిది కాకూడదు. బడ్జెట్ పుస్తకాలు, ప్రభుత్వ ఉత్తర్వులు, చట్టసభల్లో మంత్రులు ఇచ్చిన జవాబులు, ఆడిట్ నివేదికలు, విద్యుత్ నియంత్రణ మండలి ముందు దాఖలైన లెక్కలు, ఇలా దారులు చాలా ఉన్నాయి. మొత్తం ఎంత అన్నది ఒక ప్రశ్న, ఎవరికి ఎంత ముట్టింది అన్నది వేరొక ప్రశ్న, ఆ ఖర్చు సబబేనా అన్నది పూర్తిగా మరో ప్రశ్న. ఈ మూడింటినీ ఒకే కాగితం మీద కలిపి ఒకే అధికారిని అడిగితే మూడింటికీ అరకొర జవాబే వస్తుంది. జిల్లా, మండల స్థాయి విలేకరులను, పౌర సంఘాల వారిని, తమ ఊళ్లో కనిపించిన ఫ్లెక్సీ ఖర్చు ఎవరిదో తెలుసుకోవాలనుకునే మామూలు పాఠకులను దృష్టిలో పెట్టుకొని ఈ దారులను ఇక్కడ పోలుస్తున్నాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. ప్రభుత్వం ప్రకటన ఇవ్వడమే తప్పన్న భావనతో ఈ పని మొదలుపెట్టకూడదు. టెండరు నోటీసు, ఉద్యోగ నియామక ప్రకటన, భూసేకరణ నోటిఫికేషన్, తుపాను హెచ్చరిక, పల్స్ పోలియో తేదీలు ప్రజలకు చేరవలసినవే, వాటిలో కొన్నింటిని పత్రికల్లో ప్రచురించి తీరాలని చట్టమే చెబుతుంది. వీటిని సాధారణంగా క్లాసిఫైడ్ ప్రకటనలుగాను, పథకాల వార్షికోత్సవాలకూ ప్రారంభోత్సవాలకూ ఇచ్చే పూర్తి పేజీ రంగుల ప్రకటనలను డిస్‌ప్లే ప్రకటనలుగాను లెక్క రాస్తారు. వివాదం దాదాపు ఎప్పుడూ రెండో రకం మీదే కాబట్టి, ఏ దారిలో వెళ్లినా ఈ రెండింటినీ విడదీసి అడగకపోతే వచ్చిన అంకె దేన్నీ రుజువు చేయదు.

డబ్బు ఎవరి పద్దు నుంచి వెళుతుంది

దారి ఎంచుకునే ముందు డబ్బు నడిచే తీరు తెలియాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ పత్రికలకు, చానళ్లకు ప్రభుత్వ ప్రకటనలు ప్రధానంగా సమాచార పౌర సంబంధాల శాఖ ద్వారా వెళతాయి. వ్యవసాయ శాఖకో వైద్య శాఖకో ప్రకటన కావలసినప్పుడు ఆ శాఖ విషయాన్ని పంపుతుంది, సమాచార శాఖ రిలీజ్ ఆర్డర్ (ప్రకటన ప్రచురించమని పత్రికకు ఇచ్చే ఆదేశం) జారీ చేస్తుంది, పత్రిక దాన్ని ప్రచురించి, అచ్చయిన ప్రతిని జతచేసి బిల్లు పెడుతుంది. ఆ బిల్లు కొన్నిసార్లు సమాచార శాఖ పద్దులో పడుతుంది, కొన్నిసార్లు ప్రకటన కోరిన శాఖ పద్దులో పడుతుంది. ఇది మొదటి చిక్కు. సమాచార శాఖను మాత్రమే అడిగినవాడికి రెండో భాగం కనిపించదు, వ్యవసాయ శాఖను మాత్రమే అడిగినవాడికి మొదటి భాగం కనిపించదు.

దీనికి తోడు కార్పొరేషన్లు, విద్యుత్ పంపిణీ సంస్థలు, పట్టణాభివృద్ధి సంస్థలు, ఆర్టీసీ వంటివి తమ సొంత ఆదాయం నుంచి ప్రకటనలు ఇస్తాయి. పురపాలక సంఘాలు, పంచాయతీలు తమ నిధుల నుంచి ఫ్లెక్సీలు, బ్యానర్లు వేయిస్తాయి. సామాజిక మాధ్యమాల పనిని ఆంధ్రప్రదేశ్ డిజిటల్ కార్పొరేషన్ వంటి ప్రత్యేక సంస్థలకు అప్పగించడం ఇటీవలి పద్ధతి. తెలంగాణలో పథకాల మీద పాటలు, ఆటలు, కళాజాతలు నిర్వహించడానికి 2014లో ఏర్పాటైన సాంస్కృతిక సారథిలో సుమారు 550 మంది కళాకారులను తీసుకున్నారు. వారి వేతనం ప్రచార ఖర్చే అయినా అది ప్రకటనల పద్దులో వెతికితే దొరకదు.

పేరులో ‘ప్రకటన’ అన్న మాటే లేని ఖర్చులు కూడా ఉంటాయి. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లు దినపత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయల చొప్పున ఇస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు సమాచార శాఖ నుంచి కాక గ్రామ, వార్డు సచివాలయాల శాఖ నుంచి వెలువడింది. ఆ డబ్బు ఫలానా పత్రికకు మేలు చేయడానికేనన్న ఆరోపణతో విషయం న్యాయస్థానాలకెక్కింది. ఆరోపణలోని నిజానిజాలు కోర్టు తేల్చవలసినవి గాని, మన పనికి సంబంధించినంత వరకు అందులో ఒక సూచన ఉంది: ప్రకటనల పద్దును మాత్రమే చూసి ‘ఇంతే ఖర్చయింది’ అనడం ఎంత తొందరపాటో అది చెబుతుంది.

బడ్జెట్ పుస్తకాలు: మొత్తం ఎంత అన్న ప్రశ్నకు

మొత్తం అంకె కావలసినవారు ముందుగా తెరవవలసినవి రాష్ట్ర ఆర్థిక శాఖ వెబ్‌సైట్లో ఉచితంగా దొరికే బడ్జెట్ సంపుటాలు. దేశంలోని అన్ని ప్రభుత్వాలూ ఒకే పద్దుల వరుసను పాటిస్తాయి కాబట్టి ‘సమాచారం, ప్రచారం’ అనే ప్రధాన పద్దు ఎక్కడైనా 2220 కిందే ఉంటుంది. అందులో 101 అనే చిన్న పద్దు ప్రకటనలు, దృశ్య ప్రచారానికి, 106 క్షేత్ర ప్రచారానికి, 110 ప్రచురణలకు కేటాయించినవి. షెడ్యూల్డు కులాల ఉప ప్రణాళికకు చెందిన 789, గిరిజన ఉప ప్రణాళికకు చెందిన 796 కూడా 2220 కింద కనిపిస్తే వాటిని కలుపుకోవాలి. దళితులకు, గిరిజనులకు ఉద్దేశించిన నిధుల్లో ఎంత భాగం ప్రచారానికి వెళ్లిందన్నది అడగదగిన ప్రశ్నే, పైగా దానికి జవాబు దరఖాస్తు ఏదీ లేకుండానే ఈ పుటల్లో దొరుకుతుంది.

ఇక మిగిలిన శాఖల ఖర్చు కోసం ఆ శాఖల పద్దుల్లో 260 అనే అంకె కోసం వెతకాలి. మన రెండు రాష్ట్రాల బడ్జెట్లలో ప్రకటనలు, విక్రయాలు, ప్రచార ఖర్చులకు వాడే వివరణ పద్దు అదే. అయితే ప్రచార ఖర్చంతా నిజాయతీగా 260లోనే రాస్తారని అనుకోకూడదు. 500 అనే ‘ఇతర ఖర్చులు’, 300 అనే ‘ఇతర కాంట్రాక్టు సేవలు’ చాలా విశాలమైన సంచులు, ఏజెన్సీలకిచ్చే డబ్బు వాటిలోనూ పడవచ్చు.

ఈ పుస్తకాలు చదవడంలో ఎక్కువమంది పొరబడే చోటు ఒకటుంది. ప్రతి పద్దుకు ఎదురుగా నాలుగు అంకెలు ఉంటాయి: రెండేళ్ల కిందటి వాస్తవ వ్యయం, నడుస్తున్న ఏడాది బడ్జెట్ అంచనా, అదే ఏడాది సవరించిన అంచనా, రాబోయే ఏడాది అంచనా. వీటిలో మొదటిది మాత్రమే నిజంగా ఖర్చయిన డబ్బు. రాబోయే ఏడాది అంచనాను ‘ప్రకటనలకు ఇంత ఖర్చు చేశారు’ అని రాస్తే ఆ వాక్యం తప్పవుతుంది, శాఖ ఒక్క ఖండనతో మిగిలిన పనినంతా కొట్టిపారేస్తుంది. బడ్జెట్ అంచనాకు, సవరించిన అంచనాకు మధ్య పెద్ద తేడా కనిపిస్తే మాత్రం ఆసక్తికరం, ఎందుకంటే ఏడాది మధ్యలో అదనపు నిధులు ఇవ్వడానికి ఒక కారణం చూపించి ఉండాలి. ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) ఏటా ఇచ్చే అప్రాప్రియేషన్ అకౌంట్లలో ఏ పద్దులో ఎంత ఎక్కువైంది, ఎంత మిగిలింది, శాఖ చెప్పిన కారణమేమిటి, అసలు కారణం చెప్పిందా లేదా అన్నది రాసి ఉంటుంది.

ఈ దారిలోని ఇబ్బంది ఆలస్యం. నిరుడు జరిగిన ఖర్చు వచ్చే ఏడాది పుస్తకంలో గాని కనిపించదు. పైగా ఏ పత్రికకు ఎంత అన్నది ఈ పుస్తకాలు ఎన్నటికీ చెప్పవు.

ప్రభుత్వ ఉత్తర్వులు: ఎప్పుడు, ఎందుకు అన్న ప్రశ్నకు

నిధుల విడుదల ఉత్తర్వులు సాధారణంగా జీవో ఆర్‌టీల (రొటీన్ ప్రభుత్వ ఉత్తర్వుల) రూపంలో వస్తాయి. ఒక ఉత్తర్వులో ఫలానా కార్యక్రమం ప్రచారానికి ఫలానా పద్దు నుంచి ఇంత మొత్తం అని నేరుగా రాసి ఉంటుంది, కాబట్టి తేదీ, సందర్భం, మొత్తం మూడూ ఒకేచోట దొరికే పత్రం ఇదొక్కటే. ఎన్నికల నియమావళి అమల్లోకి రావడానికి కొద్ది వారాల ముందు విడుదలలు పెరిగాయా అన్నది చూడాలనుకునేవారికి ఇంతకన్న మంచి ఆధారం లేదు.

కాని ఈ దారి ప్రభుత్వం తెరిచి ఉంచినంత కాలమే తెరిచి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో జీవోలను పాత వెబ్‌సైట్లో పెట్టడం ఆపేశారు, 2024లో ప్రభుత్వం మారాక ఆ పద్ధతిని పునరుద్ధరించారు. మధ్య కాలానికి సంబంధించిన ఉత్తర్వు వెబ్‌సైట్లో కనిపించకపోతే దాని సంఖ్య కనుక్కొని దరఖాస్తు ద్వారా అడగవచ్చు. పార్టీలు మారినా ఉత్తర్వులు కనిపించకుండా చేయాలన్న కోరిక అధికార పక్షానికి సహజంగానే కలుగుతుందని, అది ఏ ఒక్క రాష్ట్రానికో పరిమితం కాదని గుర్తుంచుకొని, ముఖ్యమైన ఉత్తర్వు కనిపించిన రోజునే దాన్ని దింపుకొని దాచుకోవడం మంచిది.

సమాచార హక్కు: ఎవరికి ఎంత అన్న ప్రశ్నకు

పత్రికల వారీగా, చానళ్ల వారీగా, ఏజెన్సీల వారీగా చెల్లింపులు తెలుసుకోవడానికి 2005 నాటి సమాచార హక్కు చట్టమే అసలైన సాధనం. ఖర్చు తక్కువ. మన రాష్ట్రాల నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఎక్కడా రుసుము లేదు. జవాబు 30 రోజుల్లో రావాలి. గడువు దాటాక ఇచ్చే సమాచారాన్ని 7(6) సెక్షన్ కింద ఉచితంగా ఇవ్వాలి.

దరఖాస్తు విజయం అడిగే తీరు మీద ఆధారపడుతుంది. ‘గత ఐదేళ్లలో ప్రభుత్వం ప్రచారానికి చేసిన మొత్తం ఖర్చు తెలపండి’ అని రాస్తే, ఆ సమాచారం క్రోడీకరించి లేదని, ఉన్న సమాచారాన్ని ఇవ్వడమే తప్ప లేనిదాన్ని తయారుచేసి ఇవ్వవలసిన బాధ్యత తమకు లేదని పౌర సమాచార అధికారి జవాబిస్తారు. 2011లో సీబీఎస్ఈ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట కూడా ఇదే కాబట్టి ఆ జవాబును తప్పుపట్టలేం. అందువల్ల కార్యాలయంలో ఇప్పటికే ఉన్న రికార్డును పేరు పెట్టి అడగాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: ‘2024 ఏప్రిల్ 1 నుంచి 2024 జూన్ 30 వరకు మీ శాఖ తరఫున జారీ అయిన డిస్‌ప్లే ప్రకటనల రిలీజ్ ఆర్డర్ల రిజిస్టరు నకలు, ఆ ఆర్డర్లపై చెల్లించిన బిల్లుల రిజిస్టరు నకలు ఇవ్వండి.’ మూడు నెలలకు పరిమితం చేయడం వల్ల ‘సిబ్బంది సమయమంతా దీనికే పోతుంది’ అన్న 7(9) సెక్షన్ సాకు చెల్లదు. బిల్లుల నకళ్లు పుట కింత చొప్పున కొనడం భారమనిపిస్తే రికార్డుల పరిశీలనకు అనుమతి కోరవచ్చు. చట్టం ఆ హక్కునూ ఇచ్చింది, కేంద్ర నిబంధనల కింద మొదటి గంట పరిశీలనకు రుసుము లేదు. రిజిస్టరు ముందు కూర్చొని అవసరమైన పుటలు మాత్రమే గుర్తుపెట్టుకొని నకలు కోరడం నేను అందరికీ సిఫారసు చేసే పద్ధతి.

ఎదురయ్యే అడ్డంకుల్లో సాధారణమైనది వాణిజ్య గోప్యత. పత్రికకు చెల్లించిన రేటు ఆ పత్రిక వ్యాపార రహస్యమని 8(1)(డి) సెక్షన్ చూపించి నిరాకరించడం, లేదా 11వ సెక్షన్ కింద ఆ పత్రికకు నోటీసిచ్చి వారి అభ్యంతరాన్ని కారణంగా చూపడం జరుగుతుంది. ఈ వాదనకు బలం తక్కువ. ప్రకటన రేటు ప్రభుత్వమే నిర్ణయించి ప్రకటించేది, చెల్లింపు ప్రజల డబ్బు. పైగా ప్రతి విభాగానికి కేటాయించిన బడ్జెట్‌ను, జరిగిన చెల్లింపులను ఎవరూ అడగకముందే వెల్లడించాలని అదే చట్టంలోని 4(1)(బి) చెబుతోంది. మొదటి అప్పీలులో ఈ రెండు మాటలు రాస్తే చాలు. ఆ అప్పీలు 30 రోజుల్లోగా వేయాలి, అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

అసలు నష్టం రెండో అప్పీలు దగ్గర ఉంది. తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషనర్లే లేరు. ఆ కాలంలో అప్పీలు వేసినవారు కాగితం దాఖలు చేసి కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు. నేను సమాచార హక్కును మూడో అడుగు అనడానికి ప్రధాన కారణం ఇదే. బడ్జెట్ పద్దు, ఉత్తర్వు సంఖ్య ముందే చేతిలో ఉంటే ప్రశ్న ఇరుగ్గా, నిర్దిష్టంగా ఉంటుంది, అధికారికి తప్పించుకునే సందు తగ్గుతుంది, చాలాసార్లు విషయం మొదటి జవాబులోనో మొదటి అప్పీలులోనో తేలిపోతుంది. ఖాళీ చేతులతో అడిగినవాడు కమిషన్ దాకా వెళ్లవలసి వస్తుంది.

ఏ అధికారిని అడగాలన్న సందేహం కూడా ఉంటుంది. సమాచార శాఖకూ, ప్రకటన కోరిన శాఖకూ ఒకే పాఠంతో రెండు దరఖాస్తులు వేయడం మేలు. తప్పు కార్యాలయానికి వెళ్లినా 6(3) సెక్షన్ ప్రకారం ఐదు రోజుల్లో సరైన కార్యాలయానికి బదిలీ చేయాలి గాని, ఆ బదిలీ ‘సమాచారం వేరే శాఖ వద్ద ఉంది’ అన్న ఒక్క వాక్యంతో ముగిసిపోయే సందర్భాలు తక్కువేం కాదు. రెండు జవాబులూ వచ్చాక వాటిని పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకే రిలీజ్ ఆర్డర్ రెండు చోట్లా కనిపిస్తే దాన్ని రెండుసార్లు కూడకూడదు, ఒకచోట ఉండి రెండోచోట లేకపోతే అడగవలసిన తరువాతి ప్రశ్న అదే.

చట్టసభల జవాబులు, కమిటీ నివేదికలు

మంత్రి సభలో ఇచ్చిన జవాబుకు ఉన్న విలువ దరఖాస్తుకు వచ్చిన జవాబుకు ఉండదు, ఎందుకంటే సభను తప్పుదారి పట్టిస్తే హక్కుల ఉల్లంఘన అవుతుంది. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు గల ప్రశ్నలు (మంత్రి సభలో నోటిమాటగా జవాబిచ్చేవి), 230 గుర్తు లేని ప్రశ్నలు (రాతపూర్వకంగా జవాబిచ్చేవి) జాబితాకెక్కుతాయి, వాటి జవాబులన్నీ వెబ్‌సైట్లో ఉంటాయి. కేంద్రం 2014 నుంచి 2022 డిసెంబరు మొదటి వారం దాకా ప్రకటనలకు 6,491.56 కోట్ల రూపాయలు ఖర్చు చేసిందని, అందులో ఎలక్ట్రానిక్ మాధ్యమాలకు 3,260.79 కోట్లు, ముద్రణ మాధ్యమాలకు 3,230.77 కోట్లు వెళ్లాయని అప్పటి సమాచార ప్రసార మంత్రి 2022 డిసెంబరులో లోక్‌సభకు చెప్పారు. ఈ అంకెను పట్టుకొని రోజుకు ఇంత, నిమిషానికి ఇంత అని భాగించే శీర్షికలు అప్పట్లో చాలా వచ్చాయి. ఆ లెక్క వల్ల పాఠకుడికి కొత్తగా తెలిసేది లేదు. అడగవలసిన ప్రశ్న వేరు: కేంద్ర ప్రకటనలకు నోడల్ సంస్థ అయిన సెంట్రల్ బ్యూరో ఆఫ్ కమ్యూనికేషన్ ద్వారా వెళ్లిన డబ్బే ఇదైతే, ప్రభుత్వ రంగ సంస్థలు, బ్యాంకులు సొంతంగా ఇచ్చిన ప్రకటనలు ఏ లెక్కలో ఉన్నాయి?

పార్లమెంటు కమిటీలు ఇంకా లోతుకు వెళతాయి. బేటీ బచావో బేటీ పఢావో పథకానికి 2016-19 మధ్య విడుదలైన 446.72 కోట్ల రూపాయల్లో 78.91 శాతం ప్రచారానికే పోయిందని మహిళా సాధికారత పార్లమెంటరీ కమిటీ 2021 డిసెంబరులో బయటపెట్టింది. ఏ దరఖాస్తుదారుడూ అంత తేలిగ్గా రాబట్టలేని నిష్పత్తి అది, ఎందుకంటే కమిటీ శాఖ కార్యదర్శిని ఎదురుగా కూర్చోబెట్టుకొని అడగగలదు. పథకం మొత్తంలో ప్రచారానికి వాటా ఎంత అన్నది మీ ప్రశ్న అయితే, మీ ఎంపీకో ఎమ్మెల్యేకో చక్కగా రాసిన ప్రశ్న పంపడం దరఖాస్తు కన్న మంచి ఎంపిక. ప్రతిపక్ష సభ్యుడే అడుగుతాడన్న నమ్మకం అక్కరలేదు, నియోజకవర్గం పేరు చేర్చి రాస్తే అధికార పక్ష సభ్యులు కూడా గుర్తు లేని ప్రశ్నగా పంపుతుంటారు. అయితే పార్లమెంటుకు కనీసం 15 రోజుల ముందస్తు నోటీసు కావాలి. మన శాసనసభలు ఏడాదిలో కొద్ది రోజులే కూర్చుంటాయి కాబట్టి రాష్ట్ర స్థాయిలో ఈ దారి నెమ్మది.

కాగ్ నివేదిక గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అది నమూనా తనిఖీ మీద ఆధారపడుతుంది, మీకు కావలసిన శాఖ, మీకు కావలసిన ఏడాది అందులో ఉండడం అదృష్టం. అంతకన్న ఉపయోగపడేది, పెద్దగా ఎవరూ అడగనిది, ఆయా కార్యాలయాలకు అకౌంటెంట్ జనరల్ (రాష్ట్రంలో కాగ్ తరఫు అధికారి) సిబ్బంది వెళ్లినప్పుడు రాసే తనిఖీ నివేదిక. సమాచార శాఖ కమిషనరేట్‌పై వచ్చిన గత తనిఖీ నివేదికల నకళ్లను, వాటికి శాఖ ఇచ్చిన జవాబులను సమాచార హక్కు కింద కోరవచ్చు.

విద్యుత్ సంస్థలు, కార్పొరేషన్ల విషయంలో

ప్రభుత్వ శాఖ కాని ప్రభుత్వ సంస్థ ప్రకటన ఇచ్చినప్పుడు పై దారుల్లో కొన్ని పనికిరావు. కంపెనీగా నమోదైన సంస్థ అయితే దాని వార్షిక నివేదికలో లాభనష్టాల వివరణల కింద ప్రకటనలు, ప్రచారం అనే వరుస ఉంటుంది. అది కూడా మొత్తం అంకె మాత్రమే.

విద్యుత్ పంపిణీ సంస్థల సంగతి వేరు. విశాఖ, విజయవాడ, తిరుపతి కేంద్రాలుగా ఉన్న మూడు, హైదరాబాద్, వరంగల్ కేంద్రాలుగా ఉన్న రెండు డిస్కంలు వార్షిక ఆదాయ అవసరాల నివేదికను తమ రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి సమర్పించాలి. ప్రకటనల ఖర్చు అందులో పాలనా, సాధారణ వ్యయాల్లో కలిసి ఉంటుంది. మండలి అభ్యంతరాలు ఆహ్వానించినప్పుడు ఏ వినియోగదారుడైనా రాతపూర్వకంగా ప్రశ్నించవచ్చు, డిస్కం రాతపూర్వకంగానే జవాబివ్వాలి, ఆ ప్రశ్న, జవాబు, మండలి అభిప్రాయం మూడూ టారిఫ్ ఉత్తర్వులో అచ్చవుతాయి. వకీలు అక్కరలేదు, బహిరంగ విచారణలో తెలుగులో మాట్లాడవచ్చు. ఉచిత విద్యుత్ పథకం గురించి మీ డిస్కం పేరుతో పూర్తి పేజీ ప్రకటన వచ్చి, ఆ ఖర్చు మీ బిల్లులో పడుతోందేమోనన్న అనుమానం ఉంటే, సమాచార హక్కు కన్న ఈ దారే ముందు పట్టాలి. డబ్బు లెక్క చెప్పించడమే కాక, ఆ ఖర్చును టారిఫ్‌లో అనుమతించకుండా ఆపగల అధికారం కూడా మండలికి ఉంది. ఈ పోలికలో ఉన్న దారులన్నింటిలో అడిగినవాడికి ఫలితం మీద నేరుగా పట్టు దొరికేది ఇక్కడే.

పంచాయతీలకైతే కేంద్రం నడిపే ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఊరి పేరు ఎంచుకుంటే చెల్లింపుల వోచర్లు కనిపిస్తాయి. ఫ్లెక్సీల షాపు పేరు అక్కడ కనిపించకపోతే గ్రామసభలో అడగడమే తక్కువ శ్రమ. సామాజిక మాధ్యమాల ప్రకటనలకు మెటా యాడ్ లైబ్రరీ, గూగుల్ ప్రకటనల పారదర్శకత కేంద్రం ఉన్నాయి. రాజకీయ, ఎన్నికల సంబంధ ప్రకటనలుగా గుర్తించినవాటికి అవి ఎవరు చెల్లించారో, ఎంత శ్రేణిలో చెల్లించారో చూపుతాయి. వెంటనే దొరికే సమాచారం ఇదొక్కటే కాని, ఏజెన్సీకి ప్రభుత్వం ఇచ్చిన ఫీజు, వీడియో నిర్మాణ ఖర్చు అందులో కలవవు.

ఖర్చు సబబేనా అన్న ప్రశ్నకు

ప్రకటనలో ఎవరి ఫోటో ఉంది, పార్టీ రంగులున్నాయా, ప్రతిపక్షాన్ని తిట్టారా అన్నది లెక్కల ప్రశ్న కాదు. ప్రభుత్వ ప్రకటనల మీద కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2015 మే 13న ఇచ్చిన మార్గదర్శకాలు ఇక్కడ ప్రమాణం. ప్రకటన ప్రభుత్వ బాధ్యతలకు సంబంధించి ఉండాలి, నిష్పాక్షికంగా ఉండాలి, అధికార పార్టీ ప్రయోజనానికి వాడకూడదు, ఖర్చుకు తగిన ఫలితం ఉండాలి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. మొదట రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఫోటోలనే అనుమతించి, 2016 మార్చిలో గవర్నర్లు, ముఖ్యమంత్రులు, సంబంధిత మంత్రుల ఫోటోలకూ కోర్టు అనుమతి ఇచ్చింది. ఆ సడలింపుతో మార్గదర్శకాల పదును చాలావరకు పోయిందనే నా అభిప్రాయం.

ఫిర్యాదులు వినడానికి 2016 ఏప్రిల్‌లో ముగ్గురు సభ్యుల కమిటీ ఏర్పడింది. అది ఎంత వేగంగా ఫలితమిస్తుందో ఢిల్లీ ఉదంతం చూపుతుంది. ఢిల్లీ ప్రభుత్వ ప్రకటనల్లో ఉల్లంఘనలున్నాయని కమిటీ 2016 సెప్టెంబరులో తేల్చింది, అప్పట్లో అక్కడ అధికారంలో ఉన్న ఆమ్ ఆద్మీ పార్టీ నుంచి సుమారు 97 కోట్ల రూపాయలు వసూలు చేయాలని లెఫ్టినెంట్ గవర్నర్ ఆదేశించింది 2022 డిసెంబరులో. అదే ఢిల్లీ విషయంలో 2023 జులైలో సుప్రీంకోర్టు వేరే కేసులో, మూడేళ్లలో ప్రకటనలకు 1,100 కోట్లు పెట్టగలిగినవారు ప్రాంతీయ రైలు ప్రాజెక్టుకు తమ వాటా ఎందుకు ఇవ్వలేరని అడిగి, 415 కోట్లు కట్టించే దారి చూపింది. ఒకచోట ప్రకటన తప్పని నిరూపించాలి, రెండోచోట ప్రకటనకున్న డబ్బు అసలు పనికి ఎందుకు లేదని అడిగితే చాలు. మీ ప్రయత్నానికి ఫలితం కావాలంటే రెండో రకం ప్రశ్నకే మొగ్గు చూపండి: శాఖ ప్రచార ఖర్చు పక్కన అదే శాఖ చెల్లించని స్కాలర్‌షిప్ బకాయినో, ఆరోగ్య బిల్లు బకాయినో పెట్టి చూపించండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

సమయం కూడా ఎంపికలో భాగమే. బిల్లులు మార్చి నెలాఖరులో గుట్టగా పాస్ అవుతాయి, కాబట్టి ఏప్రిల్‌లో వేసిన దరఖాస్తుకు ‘లెక్కలు ఇంకా ముగియలేదు’ అన్న జవాబు రావచ్చు, జూన్ తరువాత ఆ మాట చెల్లదు. రాష్ట్ర బడ్జెట్ ప్రవేశపెట్టిన వారంలోనే 2220 పుటలు, మీకు కావలసిన శాఖ 260 పద్దు దింపుకోవాలి, సభ నడుస్తుండగానే సభ్యుడికి ప్రశ్న అందించాలి. డిస్కంల నివేదికలు మామూలుగా నవంబరు నెలాఖరుకు దాఖలవుతాయి, అభ్యంతరాల గడువు ఆ తరువాత కొద్ది వారాలే ఉంటుంది, అది దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. ఎన్నికల ఏడాదిలోనైతే నియమావళి అమల్లోకి వచ్చిన తేదీని కొలమానంగా తీసుకొని, దానికి ముందు మూడు నెలల రిలీజ్ ఆర్డర్లను, అంతకుముందు ఏడాది అవే నెలల ఆర్డర్లను ఒకే దరఖాస్తులో రెండు భాగాలుగా కోరడం మంచిది. రెండు జవాబులూ ఒకే రిజిస్టరు నుంచి వస్తాయి కాబట్టి పోలిక మీద శాఖ అభ్యంతరం చెప్పడానికి వీలుండదు.